ప్రాసెస్ నొక్కే ముందు

చి. కార్తీక్‌కి, ఆశీస్సులు.

మైక్రోసాఫ్ట్ అనాలిసిస్ సర్వీసెస్ క్యూబ్‌ల (రిపోర్టుల కోసం డేటాను సిద్ధం చేసి పెట్టే నిల్వల) బాధ్యత నీ మీద పడిందని మీ నాన్న చెప్పాడు. టెన్షన్ పడకు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకో. ప్రాసెస్, అంటే సోర్స్ నుంచి క్యూబ్‌లోకి డేటా నింపే పని, నొక్కే ముందు అది దేన్ని తీసేస్తుందో తెలుసుకో.

ఏ తేడా వచ్చినా ప్రాసెస్ ఫుల్ (ఉన్నదంతా తీసేసి మొదటి నుంచి నింపడం) కొట్టేయడం చాలామందికి అలవాటు. డైమెన్షన్ (కస్టమర్, ఊరు లాంటి వివరాల పట్టిక) ఒక్కదాని మీద అది నడిపితే, దాన్ని వాడే క్యూబ్‌లలో డేటా పోతుంది. వాటిని మళ్లీ ప్రాసెస్ చేసేదాకా పొద్దున్నే ఎక్సెల్ తెరిచినవాళ్లకు ఏమీ రాదు. రోజువారీ పనికి డైమెన్షన్లకు ప్రాసెస్ అప్‌డేట్ (మారినవాటిని సరిచేయడం) చాలు.

అందులోనూ ఒక మెలిక ఉంది. ఒక కస్టమర్ విజయవాడ నుంచి గుంటూరు మారాడనుకో. కస్టమర్‌కీ ఊరికీ ఉన్న సంబంధాన్ని ఫ్లెక్సిబుల్‌గా (మారొచ్చని) పెట్టి ఉంటే అప్‌డేట్ సాఫీగా అయిపోతుంది, కానీ దాని మీద కట్టిన అగ్రిగేషన్లు (ముందే కూడి పెట్టుకున్న మొత్తాలు) పడిపోతాయి. అంకెలు సరిగ్గానే వస్తాయి, రిపోర్టు మాత్రం నత్తనడక నడుస్తుంది. ఎర్రర్ ఏదీ కనిపించదు కాబట్టి కారణం ఎవరికీ తట్టదు, సర్వర్‌కి మెమరీ పెంచమంటారు. అందుకే అప్‌డేట్ తర్వాత వాటిని మళ్లీ కట్టే ప్రాసెస్ ఇండెక్స్ కూడా అదే జాబ్‌లో పెట్టు. రిజిడ్‌గా (మారదని) పెట్టి ఉంటే అసలు అప్‌డేటే ఫెయిలవుతుంది.

ఫ్యాక్ట్ డేటాను (అమ్మకాల్లాంటి లావాదేవీల వరుసలను) నెలవారీ పార్టిషన్లుగా విడగొట్టు. రాత్రిపూట ఈ నెలది, బిల్లులు ఆలస్యంగా వచ్చేచోట పోయిన నెలది కూడా ఫుల్ చేస్తే సరిపోతుంది. కొత్త వరుసలను చేర్చే ప్రాసెస్ యాడ్ జోలికి వెళితే జాగ్రత్త, అవే వరుసలు రెండోసారి అందితే అమ్మకాలు రెట్టింపు అవుతాయి.

ఆట్రిబ్యూట్ కీ దొరకలేదని ఎర్రర్ వస్తే దయచేసి ఎర్రర్లను ఇగ్నోర్ చేసే సెట్టింగ్ పెట్టకు. ఫ్యాక్ట్ టేబుల్‌లో ఉన్న కోడ్ డైమెన్షన్‌లో లేదని దాని అర్థం. దాన్ని దాటేస్తే ఆ డబ్బు ‘అన్‌నోన్’ (తెలియనిది) అనే పద్దు కిందికి పోతుంది, లేదా ఆ వరుసే రాలిపోతుంది. తప్పుడు మొత్తాన్ని చూసి మేనేజర్ నిర్ణయం తీసుకుంటాడు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. డూప్లికేట్ కీ అని వస్తే సోర్స్ కాలమ్‌లో నల్ విలువలు (విలువే లేనివి), ఖాళీ స్ట్రింగులు (అక్షరాలు లేని పాఠం) రెండూ ఉన్నాయేమో చూడు. క్యూబ్ రెంటినీ ఒకటిగానే తీసుకుంటుంది.

ప్రాసెస్ చేసిన కొత్త డేటా కమిట్ అయ్యేదాకా, అంటే పాతదాని స్థానంలోకి వచ్చేదాకా, పాత డేటా డిస్క్ మీదే ఉంటుంది, కాబట్టి పాతదీ కొత్తదీ పట్టేంత చోటు ఉంచు. కమిట్ సమయంలో ఎవరిదైనా పెద్ద క్వెరీ నడుస్తుంటే, ఫోర్స్ కమిట్ టైమవుట్ అనే సర్వర్ సెట్టింగ్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఆగి దాన్ని రద్దు చేస్తుంది. రిపోర్టు మధ్యలో ఆగిపోయిందని ఎవరైనా అంటే ముందు ప్రాసెసింగ్ వేళతో పోల్చి చూడు.

మార్పులు చేసే ముందు బ్యాకప్ తీసుకో, దాన్ని టెస్ట్ సర్వర్‌లో రీస్టోర్ చేసి చూసుకో. మీ రాత్రి జాబ్‌లో ఏది ముందు, ఏది తర్వాత నడుస్తోందో రాసి పంపు, ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ బాబాయ్