రక్తనాళాల పరిశోధనకు మెకానికల్ చదువు వదలాలా?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. నిరుడు మా నాన్నగారికి స్టెంట్ వేశారు. రక్తప్రవాహ బలాలకూ ధమనుల్లో పూడికలకూ సంబంధం ఉందని చదివాక ఆ రంగంలోకి వెళ్లాలనిపిస్తోంది. చదువు మానేసి నీట్ రాయమంటారా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: మానేయకండి. ఎంపీసీ చదివిన మీరు బయాలజీని మొదటి నుంచి అందుకుని వైద్యులు కావడానికి చాలా ఏళ్లు పడుతుంది. మీరు అడిగిన విషయానికి పునాది మాత్రం మీ ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకంలో, గోడ దగ్గరి షియర్ స్ట్రెస్ (ప్రవాహం గోడను రాసుకుంటూ లాగే బలం) అధ్యాయంలోనే ఉంది.

రక్తం జోరుగా రాసుకుపోయే చోటే ధమని లోపలి పొర దెబ్బతిని జబ్బు మొదలవుతుందని ఇంజినీరుకు సహజంగా తోస్తుంది. 1968లో అమెరికాలో డొనాల్డ్ ఫ్రై ప్రయోగాలు కూడా అధిక షియర్ ఆ పొర కణాలను దెబ్బతీస్తుందనే చూపాయి. కానీ మరుసటి ఏడాదే లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన కోలిన్ కారో బృందం, కొవ్వు పూడికలు షియర్ తక్కువగా ఉన్న చోట్లనే కనిపిస్తున్నాయని ప్రకటించింది. తరవాతి పరిశోధన ఎక్కువగా వారి వైపే మొగ్గింది. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, ప్రవాహం గట్టిగా తగిలే చీలిక మొన దగ్గర గోడ చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న బయటి గోడ వెంట రక్తం మందగించి, ప్రతి గుండె స్పందనతోనూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, పూడిక మొదలయ్యేదీ అక్కడే. మీ ఊరి కాలువలో గుర్రపుడెక్క ఏ మూల పేరుకుంటుందో చూసినవారికి ఇది వింత కాదు గాని, కాలువ గట్టుకు ప్రాణం లేదు, ధమని గోడకు ఉంది. దాని లోపలి పొర అయిన ఎండోథీలియం ఒకే కణం మందాన ఉంటుంది. ఆ కణాలను కదలని ద్రవంలో పెంచితే గులకరాళ్లు పరిచినట్లుంటాయి. వాటి మీదుగా ఒక రోజు ఒకే దిశలో ప్రవాహాన్ని నడిపితే సాగి, ఆ దిశకు వరుసదీరుతాయి. నిలకడైన ప్రవాహంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాన్ని సడలించే ఈ కణాలే, ప్రవాహం తడబడే చోట కొలెస్ట్రాల్‌నూ తెల్లకణాలనూ లోపలికి రానిస్తాయి. పొగతాగడం, షుగరు, బీపీ ఒంటినంతటినీ పీడించినా, పూడిక ముందుగా ఎక్కడ పడుతుందన్నది చాలావరకు ప్రవాహం చేతిలో ఉంటుంది.

ఈ రంగానికి ప్రవాహాన్ని లెక్కగట్టేవారూ కావాలి, కణాలను పెంచేవారూ కావాలి; మీరు మొదటి వైపు నుంచి ప్రవేశించవచ్చు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష అయిన గేట్‌ను మెకానికల్ పేపరుతో గాని, 2020 నుంచి ఉన్న బయోమెడికల్ పేపరుతో గాని రాయవచ్చు. హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. మద్రాస్ ఐఐటీలోని అప్లైడ్ మెకానిక్స్ అండ్ బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగాన్నీ తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థనూ కూడా పరిశీలించండి. క్షిపణుల ఇంజినీరు అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు సోమరాజు కలిసి స్టెంట్ రూపొందించింది హైదరాబాదులోనే. అయితే ఇక్కడ పరిశోధక స్థాయి ఉద్యోగాలకు సాధారణంగా పీహెచ్‌డీ అడుగుతారు, దానికి ఐదేళ్లు పట్టవచ్చునని ఇంట్లో ముందే చెప్పండి. రుసుము కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే రెండు వారాల కోర్సుల జోలికి పోకండి.

ఈ సెలవుల్లో ప్రవాహాలను లెక్కగట్టే, ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో వై ఆకారపు గొట్టం గీసి, ముందు స్థిరమైన ప్రవాహాన్నీ తరవాత గుండెలా కొట్టుకునే ప్రవాహాన్నీ పంపి, గోడ మీద షియర్ ఎక్కడ తగ్గుతోందో, ఎక్కడ దిశ మారుతోందో రంగుల పటంలో చూడండి. ఆ పటంతో పాటు ఫలానా చోట ఎందుకలా వచ్చిందో ఒక పేజీ రాసి మీ ఫ్లూయిడ్ మెకానిక్స్ అధ్యాపకులకు చూపించి, చివరి ఏడాది ప్రాజెక్టుగా దానినే ఇవ్వమని అడగండి.