వాదన మీ ఇద్దరిది, పుస్తకం దాచింది పాప

ప్రశ్న: మాది గుంటూరు, క్రైస్తవ కుటుంబం. మా వారిది కడప, ముస్లింలు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకుని బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నిరుడు మామగారు పోయినప్పటి నుంచి ఈయన ఫోన్‌లో మత చర్చల వీడియోలే చూస్తున్నారు. "మీవాళ్లు బైబిల్ మార్చేశారు" అంటారు. "ఇంజీల్, అంటే ఏసుకిచ్చిన సువార్త, దేవుడిచ్చిందని మీ ఖురానే చెబుతోందిగా" అని నేనూ ఊరుకోను. రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ. మొన్న మా ఏడేళ్ల పాప తన బొమ్మల బైబిల్‌ని బీరువాలో బట్టల కింద దాచింది. ఎందుకే అంటే "నాన్నకి కోపం వస్తుందిగా" అంది.

జవాబు: అమ్మా, ముందు ఆ పుస్తకం బయటికి తీయండి. మీ వారే తన చేతులతో పాపకిస్తే మరీ మంచిది. అమ్మానాన్నల్లో ఎవరో ఒకరి వైపే ఉండాలన్న భయం ఆ వయసుకి చాలా బరువు.

మీ వాదన భోజనాల దగ్గర తేలేది కాదు. 1854లో ఆగ్రాలో ఫాండర్ అనే జర్మన్ మిషనరీ, మౌలానా రహమతుల్లా కైరానవీ ఇదే విషయం మీద జనం ముందు రెండు రోజులు వాదించుకున్నారు. రాతప్రతుల్లో తేడాలున్న మాట నిజమేనని, మూల బోధ మాత్రం మారలేదని ఫాండర్ అన్నారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేకపోయారు. ముస్లిం పండితుల్లోనూ దీని మీద ఒకే మాట లేదు. 11వ శతాబ్దపు ఇబ్న్ హజ్మ్ పాఠమే, అంటే రాసి ఉన్న మాటలే, మారిందన్నారు. మారింది ముఖ్యంగా అర్థం చెప్పే తీరేనన్నవాళ్లూ ఉన్నారు. ఇది మీ వారు తమ పండితుల పుస్తకాల్లో చదువుకోవాలి, మీ నోట వినకూడదు. మీరు చదవాల్సినవి వేరే ఉన్నాయి. మార్కు సువార్త చివరి 12 వచనాలు 4వ శతాబ్దపు సినాయ్, వాటికన్ అనే పాత బైబిల్ రాతప్రతుల్లో లేవు. ఆ సంగతి క్రైస్తవ పండితులే దాచకుండా చెబుతారు. అలాగని అంతా మార్చేశారనీ కాదు. మృత సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన, బైబిల్లోని యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తుకు ముందుది, ఇప్పటి పాఠానికి చాలా దగ్గరగా ఉంది. కానీ ఏసు దేవుని కుమారుడా, ప్రవక్తా అన్నది ఏ రాతప్రతీ తేల్చదు. మీ ఇద్దరి మధ్య అసలు తేడా అక్కడే కదా.

మీరు నమ్మని గ్రంథంలోంచి వాక్యం తీసి ఆయన మీదికి విసరడం మానండి. అది ఆయనకు ఎగతాళిలా వినిపిస్తుంది. ఇదంతా మామగారు పోయాక మొదలైందని మీరే రాశారు. తండ్రి నమాజ్‌కి తీసుకెళ్లిన రోజుల గురించి, రంజాన్ నెలలో ఇల్లు ఎలా ఉండేదో ఆయన్ని అడిగి చూడండి. మధ్యలో ఏమీ అనకుండా వినండి. ఆయన తండ్రిని వెతుక్కుంటున్నారేమోనని నాకనిపిస్తోంది.

ఆ తర్వాత ఒక షరతు గట్టిగా పెట్టండి: పాప వినేలా ఎవరి గ్రంథం గురించీ తప్పుగా మాట్లాడకూడదు, మీరు కూడా. పాపను ఎలా పెంచాలో పెళ్లికి ముందు అనుకున్నారో లేదో మీరు రాయలేదు. అనుకోకపోతే ఇప్పుడు కూర్చుని తేల్చుకోండి. పాస్టర్‌నీ మౌల్వీనీ మధ్యవర్తులుగా పిలవకండి, మళ్లీ చర్చలే మొదలవుతాయి. మాట సాగకపోతే బెంగళూరులోనే ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబ సమస్యలకు ప్రత్యేక విభాగం ఉంది, ఇద్దరూ కలిసి వెళ్లండి.