కొత్త లినక్స్ ల్యాప్‌టాప్‌ను మొదటి వారంలో ఎలా చూడాలి

చిరంజీవి స్రవంతికి, మామయ్య ఆశీస్సులు.

విండోస్‌కు బదులు లినక్స్‌తో నడిచే నీ కొత్త ల్యాప్‌టాప్ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కు చేరిందనీ, చూడగానే నీకు నిరుత్సాహం కలిగిందనీ మీ అమ్మ చెప్పింది. తెర వెలవెలబోతోందని, మూత తేలికపాటి ప్లాస్టిక్ అని, పనులు నెమ్మదిగా సాగుతున్నాయని, వైఫై ఆగి ఆగి వస్తోందని నీవు అన్నావట. వీటన్నిటినీ ఒకే గాటన కట్టవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. వీటిలో కొన్ని ఆ వస్తువుతో పుట్టినవి, ఎన్నేళ్లు వాడినా మారవు. మరికొన్ని సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవి, ఒక సాయంత్రం ఓపికగా కూర్చుంటే చక్కబడతాయి. తిప్పి పంపడానికి కొద్ది రోజుల గడువే ఉంటుంది కాబట్టి, మారనివాటినే ముందుగా పరీక్షించాలి.

తెరతో మొదలుపెట్టు. గదిలో దీపం ఆర్పి, తెర నిండా ఒకసారి పూర్తి తెలుపును, ఒకసారి పూర్తి నలుపును పెట్టి చూస్తే చచ్చిన చుక్కలు (సరిగా వెలగని పిక్సెళ్లు), అంచులనుంచి కారే వెలుగు బయటపడతాయి. తెరను ముందుకు, వెనక్కు వంచినప్పుడు రంగులు తిరగబడినట్లు కనిపిస్తే అది టీఎన్ అనే చౌకరకం ప్యానెల్. అమ్మినవారు ఐపీఎస్ (ఏ వైపునుంచి చూసినా రంగులు అంతగా మారని మెరుగైన రకం) అని రాసి ఉంటే నిస్సంకోచంగా తిప్పి పంపు. ఆ తరువాత ప్రతి మీటనూ నొక్కి, ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి, కెమెరా, మైకు పనిచేస్తున్నాయో లేదో చూడు. మూత ప్లాస్టిక్‌దైనందుకు బాధపడకు. నీవు రోజూ గంటల తరబడి కోడ్ రాయాల్సినదానివి, నీకు కీబోర్డు బాగుండటమే ముఖ్యం.

నెమ్మదితనం సంగతి కొంచెం లోతుగా చూడాలి. ‘డిస్క్స్’ అనే అప్లికేషన్ తెరిచి చూడు. అందులో పరికరం పేరు ఎమ్‌ఎమ్‌సీ అనే అక్షరాలతో మొదలైతే, నిల్వ మొత్తం మదర్‌బోర్డుకే అతికించిన ఈఎమ్‌ఎమ్‌సీ చిప్ అని అర్థం, దానిని మార్చుకోలేవు. అలా కాక ఎమ్.2 అనే స్లాటులో కూర్చున్న, ఊడదీయగలిగిన ఎస్‌ఎస్‌డీ అయితే, రేపు అవసరమైనప్పుడు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి పెద్దది తెచ్చుకోవచ్చు. ర్యామ్ విషయంలోనూ అంతే: నాలుగు జీబీ బోర్డుకే అతికించి, అదనపు స్లాటు లేకుండా ఉంటే, నీ చదువుకు అది చాలదని నా అభిప్రాయం, తిప్పి పంపెయ్. ఎనిమిది జీబీ ఉండి కూడా నిదానంగా ఉంటే మాత్రం తప్పు యంత్రానిది కాకపోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌కు మారితే తేడా నీకే తెలుస్తుంది.

బ్యాటరీని ఒకసారి పూర్తిగా నింపి, బాగా తగ్గేదాకా వాడి, మళ్లీ నింపు. అప్పుడు ‘పవర్ స్టాటిస్టిక్స్’‌లో తయారీనాటి సామర్థ్యాన్ని, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యాన్ని పోల్చు. కొత్త బ్యాటరీలో ఆ రెండూ దాదాపు సమానంగా ఉండాలి.

ఇక వైఫై. చౌక ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను మాత్రమే అందుకునే వైఫై కార్డు వేస్తారు. ఆ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగల చానెళ్లు మూడే ఉంటాయి. గదికొక రౌటరు, చేతికొక ఫోను ఉన్న హాస్టల్‌లో అక్కడ రద్దీ తప్పదు. అందుచేత నీ ఫోన్ హాట్‌స్పాట్‌ను పక్కనే పెట్టుకుని ప్రయత్నించు. అప్పుడు నిలకడగా వస్తే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. అప్పుడూ తెగిపోతుంటే కారణం పాత కెర్నెల్‌లోని (లినక్స్ మూలభాగంలోని) డ్రైవర్, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్ కావచ్చు, కార్డే కావచ్చు. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి లైవ్ పెన్‌డ్రైవ్‌ను మించిన సాధనం లేదు: లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు కొత్త వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దానినుంచి బూట్ చేసి అరగంట వాడు. అందులో లోపం మాయమైతే అది సాఫ్ట్‌వేర్‌ది. అందులోనూ కనిపిస్తే హార్డ్‌వేర్‌నే అనుమానించాలి. శబ్దం రాకపోయినా, మూత వేసి తీశాక తెర వెలగకపోయినా ఇదే పరీక్ష పనికొస్తుంది.

సెట్టింగ్స్‌లో ‘ఎబౌట్’ తెరిచి ఉబుంటు వెర్షన్ కూడా చూసుకో. కొన్ని యంత్రాలు పాత వెర్షన్‌తోనే వస్తాయి. 20.04కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 మే నెలతో ఆగిపోయాయి, 22.04కు 2027 వరకు, 24.04కు 2029 వరకు వస్తాయి. పాతది ఉన్నంతమాత్రాన ల్యాప్‌టాప్‌ను తిప్పి పంపనవసరం లేదు, కొత్తది వేసుకుంటే చాలు. అయితే ల్యాప్‌టాప్‌ను ఉంచుకోవాలని నిశ్చయించుకున్నాకే ఆ పని చెయ్యి; అంతవరకు వచ్చినదానిని వచ్చినట్టే ఉండనివ్వు.

డబ్బా, లోపలి అట్టలు, జీఎస్‌టీ బిల్లు భద్రంగా ఉంచి, డబ్బామీది సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగునున్న నంబరు ఒకటేనా అని ఈరోజే సరిచూసుకో. పెన్‌డ్రైవ్ నీదగ్గర లేకపోతే ఆదివారం మల్కాజిగిరికి రా, నేను సిద్ధం చేసి ఉంచుతాను. వచ్చేటప్పుడు చార్జర్ కూడా తీసుకురా, దానినీ పరీక్షిద్దాం.

ఇట్లు,
నీ మామయ్య