మీటరు 12 వోల్టులు చూపిస్తున్నా కారు ఫోను వెలగకపోతే బల్బు పెట్టి చూడండి

మీరు రాసినదాని ప్రకారం, మీ నాన్నగారి పాత సెడానులో కంపెనీవారే అమర్చిన ఫోను వ్యవస్థకు వానలు మొదలైనప్పటి నుంచి పవరు లేదు, రేడియో మాత్రం మామూలుగా పాడుతోంది, ఫ్యూజులు బాగున్నాయి. పాలకొల్లులో చూసిన ఎలక్ట్రీషియను గారు సీటు కింద కనెక్టరులో మీటరు పెట్టి, 12 వోల్టులు వస్తున్నాయి కాబట్టి మాడ్యూలే (ఫోనును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందని, కొత్తది తెప్పించమని చెప్పారు. దయచేసి ఆ మాడ్యూలు ఇప్పుడే కొనకండి. ఆయన కొలిచిన కొలతలో తప్పు లేదు, కానీ దాని మీద ఆధారపడి మాడ్యూలు పోయిందని తేల్చడానికి వీలు లేదు.

డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు ఉంటుంది. అంటే 12 వోల్టులు కొలిచేటప్పుడు అది వైరులోంచి తీసుకునే కరెంటు ఒక మైక్రో ఆంపియరుకు కాస్త పైన మాత్రమే. దారిలో ఎక్కడో జాయింటు చిలుము పట్టి దాదాపు తెగిపోయే స్థితిలో ఉన్నా ఆ కాస్త కరెంటుకు అడ్డు ఉండదు గనుక మీటరు మీద అంకె నిండుగా కనిపిస్తుంది. మాడ్యూలు మేలుకోవడానికి కావలసినది దానికి కొన్ని లక్షల రెట్లు. కాలువ నిండుగా ఉన్నా తూము పూడిపోతే చేలోకి నీరు దిగనట్టే, వోల్టేజి కనిపిస్తుంది గానీ కరెంటు పారదు.

అందుచేత కనెక్టరు దగ్గర లోడు, అంటే నిజంగా కరెంటు లాగే వస్తువు పెట్టి చూడాలి. ఇండికేటరులో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. వైరు మరీ సన్నదైతే 5 వాట్ల బల్బు చాలు. మాడ్యూలు నుంచి కనెక్టరు ఊడదీసి, దాని ప్లస్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బల్బు కలపండి. పిన్నులోకి మీటరు మొనను గుచ్చితే అది వెడల్పై తరువాత పట్టు వదులుతుంది కాబట్టి, వైరు దూరే వెనుక వైపు నుంచి సన్నని సూదితో తాకించడం మేలు. ఏది ఏ పిన్నో కారు వైరింగు పటంలో చూసుకోకుండా ఊహతో పెట్టవద్దు. డేటా వైర్లకు బల్బు తగిలించకూడదు. సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఉంటే అది ఎయిర్‌బ్యాగుది, దాని జోలికే వెళ్లకూడదు. సీటు తీయవలసి వస్తే ముందుగా ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివు విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. కొలతల కోసం బ్యాటరీ తిరిగి కలపాలి గనుక, ఇగ్నిషన్ ఆన్ చేసే ముందు సీటు తన కనెక్టర్లతో సహా మళ్లీ కలిసి ఉండాలి. లేకపోతే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి అదొక కొత్త తలనొప్పి అవుతుంది.

బల్బు నిండుగా వెలిగితే సరఫరా బాగున్నట్టే. మసకగా వెలిగినా, అసలు వెలగకపోయినా, బల్బు అలాగే ఉంచి రెండు చోట్ల కొలవండి: బ్యాటరీ ప్లస్‌కూ కనెక్టరు ప్లస్ పిన్నుకూ మధ్య ఒకసారి, కనెక్టరు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివుకూ మధ్య ఒకసారి. ఇవి 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది. ఎటు ఎక్కువ వోల్టులు కనిపిస్తే లోపం అటువైపు ఉన్నట్టు. మొగల్తూరు వైపు రొయ్యల చెరువులున్న మా బావగారి కారుకు సరిగ్గా మీ కారు లక్షణాలే వచ్చినప్పుడు, బల్బు లేకుండా 12.4 చూపించిన కనెక్టరు బల్బు పెట్టగానే 4 వోల్టుల దగ్గరకు పడిపోయింది. ఎర్త్ వైపు పోయింది నామమాత్రమే, ప్లస్ వైపు 8 వోల్టులకు పైగా పోతోంది. ఆ వైరును పట్టుకుని వెనక్కి వెళితే డ్రైవరు సీటు ముందు కార్పెట్ కింద, టేపు చుట్టిన జాయింటులో, ముట్టుకుంటే పొడిగా రాలిపోయే పచ్చటి చిలుము కనిపించింది.

అక్కడికి నీరు ఎలా చేరిందన్నది మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవలసిన సంగతి. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర వాననీరు బయటికి పోవడానికి కాలువల వంటి దారులుంటాయి. కారును కొబ్బరిచెట్ల కింద నిలిపేవారికి రాలిన పూత, పీచు అందులో చేరి మూసుకుపోతాయి. అప్పుడు నీరు బ్లోయరు మీదుగా లోపలికి దిగి, పైకి పొడిగా కనిపించే కార్పెట్ కింద ఫోములో నెలల తరబడి నిలిచి ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, చెరువుల దగ్గర బురదకాళ్లతో ఎక్కే ఉప్పునీరు దానికి తోడైతే రాగి ఎంతోకాలం నిలవదు. 2022 జూలై వరదల్లో లంకల వైపు తిరిగిన కారైతే సీటు పట్టాల సందుల్లో ఒండ్రు ఉందేమో కూడా చూడండి. అది చెమ్మను పట్టి ఉంచుతుంది. కోతల తరువాత కార్లలోకి చేరే ఎలుకల సంగతి మీకు చెప్పనవసరం లేదు.

జాయింటు దొరికితే పైపైన గోకి టేపు చుట్టడం వల్ల లాభం లేదు. చిలుము ఇన్సులేషను లోపలికి కూడా పాకుతుంది కనుక, మెరిసే రాగి కనిపించేదాకా వైరు కత్తిరించి, కొత్త ముక్క కలిపి సాల్డరు చేసి, వేడికి బిగిసే స్లీవు తొడగాలి. లోపం ఎర్త్ వైపైతే బోల్టు విప్పి, దాని కింది రేకును ఎమరీ కాగితంతో రుద్ది, బిగించాక కొంచెం గ్రీజు పూయండి.

ఇగ్నిషన్ వైరు గురించి కూడా రెండు మాటలు. చాలా మాడ్యూళ్లకు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు ఒకటి, తాళం తిప్పితేనే వచ్చే 12 వోల్టులు ఇంకొకటి కావాలి. రెండోది రాకపోతే మాడ్యూలు నిద్రలోనే ఉండి, చూడడానికి చచ్చిపోయినట్టే ఉంటుంది. అలాగే, ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ 12.2 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ముందు దాన్ని చార్జి చేయించండి, ఎందుకంటే కొన్ని కార్లు బ్యాటరీ బలహీనపడగానే ఫోను వంటివాటికి పవరు తామే ఆపేస్తాయి.

రేడియో పాడుతోందన్న మీ మాట నాకు చాలా ముఖ్యమనిపించింది. 2000 తరువాత వచ్చిన అనేక ఐరోపా కార్లలో రేడియో, ఆంప్లిఫయరు, ఫోను మాడ్యూలు మోస్ట్ అనే ఆప్టికల్ ఫైబరు వలయంలో ఒకదాని తరువాత ఒకటిగా ఉంటాయి. వాటిలో ఒకదానికి పవరు పోతే వలయం తెగి ఆడియో అంతా మూగబోతుంది. మీ కారు ఆ రకమైతే, ఫోను ఆగాక ఆడియో కోసం ఎవరైనా ఫోను మాడ్యూలును తప్పించి, ఫైబరును చిన్న లూపుతో కలిపేసి ఉండవచ్చు. అప్పుడు జాయింటు బాగుచేసినా ఫైబరు మాడ్యూలుకు తిరిగి కలపనిదే ఫోను మేలుకోదు. ఆ ఫైబరును 25 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా వంచకండి.

ఇవన్నీ చూశాక కూడా బల్బు నిండుగా వెలుగుతూ, మాడ్యూలు మాత్రం కదలకపోతే అప్పుడు ఎలక్ట్రీషియను గారి మాటే నిజం. అయినా కొనేముందు అది సిమ్ పెట్టే రకమో, బ్లూటూత్ రకమో చూసుకోండి. సిమ్ పెట్టే పాత మాడ్యూళ్లు 2జీ మీద పనిచేస్తాయి. జియోకు 2జీ లేదు గనుక ఆ సిమ్ అందులో పనికిరాదు, ఎయిర్‌టెల్ వంటి 2జీ ఉన్న సంస్థ సిమ్ పెట్టవలసి వస్తుంది. మీ నాన్నగారికి కారులోనూ తన మొబైలు నంబరు ఒక్కటే చాలనుకుంటే, ఆ డబ్బుతో మంచి బ్లూటూత్ కిట్టు పెట్టించడమే నా దృష్టిలో తెలివైన పని.