ముందు పారనాయిడ్ కొనండి

డీప్ పర్పుల్ వాళ్ల మెషీన్ హెడ్, బ్లాక్ సబ్బాత్ వాళ్ల పారనాయిడ్, లెడ్ జెప్పెలిన్ వాళ్ల నాలుగోది: ఈ మూడు రాక్ ఆల్బమ్‌లలో ముందు ఏది కొనాలని అడిగారు కదండీ. నా మాట వింటే, 1970లో వచ్చిన పారనాయిడ్ తీసుకోండి. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే! ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వేసుకుని వాయించాడు. ఆ బరువైన గిటార్ మోత లేకుండా తర్వాత వచ్చిన హెవీ మెటల్ అనే గట్టి రాక్ సంగీతాన్ని ఊహించలేను.

మెషీన్ హెడ్ కూడా నాకు ప్రాణమే. 1971 డిసెంబరులో రికార్డింగు చేద్దామనుకున్న స్విట్జర్లాండ్ మాంత్రో క్యాసినో కాలిపోతే, ఖాళీ హోటల్లో రికార్డు చేశారు. దాన్ని రెండోదిగా కొనండి. జెప్పెలిన్‌లో జానపదం పాలు ఎక్కువ, దానికి కాస్త ఆగండి. పారనాయిడ్ మాత్రం బిల్ వార్డ్ డ్రమ్స్ మీద చెవి పెట్టి, ఆపకుండా వినండి.