రోజూ బరువు రాస్తున్నా నీరు చేరడం ముందే ఎందుకు తెలియట్లేదు?

హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేని స్థితి) పేషెంటు రోజూ బరువు రాస్తున్నా, ఆయాసం వచ్చాకే నీరు చేరినట్టు బయటపడుతోంది, నర్సుగా ఏం మార్చాలి అన్నారు కదా.

ముందు పేషెంటు బరువు రాసే పుస్తకం తెరిచి చూడండి. చాలామంది నిన్నటి అంకెతోనే పోల్చుకుంటారు. రోజుకు అరకిలో చొప్పున పెరిగితే ఏ రోజూ పెద్ద తేడా అనిపించదు, నాలుగు రోజుల్లో మాత్రం 2 కిలోలు! అందుకే వాపు, ఆయాసం లేనప్పటి బరువును, అంటే డ్రై వెయిట్‌ను, డాక్టరుతో ఖాయం చేసుకుని మొదటి పేజీలో పెద్దగా రాయించండి, రోజూ దానితోనే పోల్చమనండి. మూడు రోజుల్లో 2 కిలోలు దాటి పెరిగితే పేషెంటు అదే రోజు మీకో డాక్టరుకో ఫోన్ చేయాలి. ఆకలి తగ్గి చిక్కిపోతున్నవాళ్లలో నీరు చేరినా అంకె కదలకపోవచ్చు. వాళ్లకు కాళ్ల వాపు, ఆయాసం లేకుండా పడుకోవడానికి రాత్రి ఎన్ని దిండ్లు కావాల్సి వస్తోందో కూడా రాయించండి.

బరువు పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, గట్టి నేల మీద పెట్టిన అదే మిషన్‌పై చూడాలి.

"అర్థమైందా?" అని అడిగితే తలూపేస్తారు. "రేపు 2 కిలోలు ఎక్కువ చూపిస్తే ఏం చేస్తారు?" అని అడిగి వాళ్ల నోటితోనే చెప్పించండి.

నొప్పి మాత్రలు వాడుతున్నారేమో తప్పక అడగండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఫోన్లూ పుస్తకాలూ పక్కనపెట్టి నేరుగా ఎమర్జెన్సీకే.