హారన్ డ్రైవర్‌కి 6 ఎంఎం బోల్టు పట్టకపోతే

అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: సౌండ్ బాక్స్‌లో హారన్ వెనక బిగించే డ్రైవర్లు, అంటే పై శబ్దం పుట్టించేవి, 2 ఇంచుల నోరున్న జత సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, ఫైబర్ హారన్లు ఇక్కడే చేయించారు, నల్లగొండలో హార్డ్‌వేర్ షాపు నుంచి 6 ఎంఎం బోల్టులు తెచ్చి పెడితే రెండు మూడు చుట్లు వదులుగా తిరిగి ఆగిపోతున్నాయి, పానా వేసి గట్టిగా తిప్పేయొచ్చా అని. తిప్పకండి, పానా పక్కన పెట్టండి. అక్కడ ఆగిందంటే మర మర మీద ఎక్కుతోందని అర్థం, ఇంకో రెండు చుట్లు బలవంతం చేస్తే డ్రైవర్‌లో ఉన్న మర పోతుంది. బోల్టు పోతే పది రూపాయల్లోపు మాట, డ్రైవర్ ముఖంలో మర పోతే లేత్ షాపు పని.

పెళ్లిళ్లకీ జాతర్లకీ సౌండ్ పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి డ్రైవర్లు నా చేతిలోకి చాలానే వచ్చాయి. మీరు చెప్పిన లక్షణం చూస్తే మీ డ్రైవర్ హోల్ 6 ఎంఎంది కాదు, పావించుది, అంటే ఇంచుకి 20 మరలుండేది. పాత అమెరికా డ్రైవర్లలో, జేబీఎల్ లాంటి వాటిలో, ఇదే ఉంటుంది. యూరప్ డ్రైవర్లలో ఎక్కువగా 6 ఎంఎం, మర మరకి 1 మిల్లీమీటరు దూరం. పావించు మందం 6.35 మిల్లీమీటర్లు, మర దూరం 1.27. చూపుకి రెండూ ఒకటే, అందుకే షాపులో కౌంటర్ మీద పడేసిన బోల్టుని చూసి ఎవరైనా ఇదే అనుకుంటారు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కెమెరా ట్రైపాడ్ మీద కెమెరాని పట్టుకునే చిన్న స్క్రూ ఉంటుంది చూడండి, అది సరిగ్గా పావించు 20 మరలదే. ఫోటోగ్రాఫర్ దోస్తు ఎవరైనా ఉంటే ఆ ప్లేటు అడిగి డ్రైవర్ హోల్‌లో వేళ్లతో తిప్పండి. ఆ స్క్రూ పొట్టిది, ఉన్నంతవరకు ఎక్కడా పట్టేయకుండా మెత్తగా దిగిపోతే ఇంక అనుమానం లేదు. ట్రైపాడ్ దొరక్కపోతే డ్రైవర్‌తో పాటు వచ్చిన పాత బోల్టు ఒక్కటి ఉన్నా చాలు, స్కేలు పక్కన పెట్టి 20 మరలు లెక్కపెట్టండి: 20 మిల్లీమీటర్లు వస్తే 6 ఎంఎం, ఇంచు వస్తే పావించు. హెక్స్ తల ఉంటే 10-11 పానా కూడా చెప్పేస్తుంది. 10 వైపు సరిగ్గా కూర్చుంటే 6 ఎంఎం, 10 పట్టకుండా 11 వైపు పట్టుకుంటే పావించు.

ఇప్పుడు కొనే దగ్గర ఒక మెలిక ఉంది. మామూలు హార్డ్‌వేర్ షాపులో పావించు బోల్టు అంటే, మేస్త్రీలు రెండు సూత్‌లు అనేది, చాలాసార్లు బీఎస్‌డబ్ల్యూ, అంటే పాత బ్రిటిష్ కొలత మర ఇస్తారు. దానికీ ఇంచుకి 20 మరలే, కానీ మర కోణం 55 డిగ్రీలు, మీ డ్రైవర్‌కి కావలసిన యూఎన్‌సీది, అంటే అమెరికా కొలత మరది 60. బాక్స్ లోపల బిగించడానికైతే ఇది కూడా ఎక్కుతుంది, పని నడుస్తుంది. ట్రస్‌కి, అంటే స్టేజీ పైన కట్టే ఫ్రేముకి, వేలాడదీసే బాక్స్ అయితే మాత్రం నేను ఒప్పుకోను, కింద జనం ఉంటారు. యూఎన్‌సీనే వెతకండి. సికింద్రాబాద్ రాణీగంజ్ దాకా పోతే దొరుకుతాయి గానీ, అంతకన్నా ముందు ట్రాక్టర్ స్పేర్‌పార్ట్స్ షాపుల్లో అడగండి, పాత మాసే ఫెర్గూసన్ లాంటి బండ్లకి ఇంచు మరల బోల్టులే కాబట్టి వాళ్ల డబ్బాల్లో ఉండే అవకాశం ఎక్కువ. వాళ్లు ఫైన్ మరది, అంటే ఇంచుకి 28 ఉన్నది కూడా తీసిస్తారు, 20 మరలదే కావాలని గట్టిగా చెప్పండి. బోల్టు పొడవునా మర ఉండాలి, సగం మరది వద్దు. అన్నిటికన్నా మంచి పని, డ్రైవర్‌నే గోనెసంచిలో పెట్టుకుని షాపుకి పోయి అక్కడే వేళ్లతో తిప్పి చూసుకోవడం. బరువే, అయినా పోండి.

మర కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది పొడవు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. అగ్గిపుల్లో చీపురు పుల్లో డ్రైవర్ హోల్‌లో పెట్టి లోతు కొలవండి. తర్వాత హారన్ ఫ్లాంజ్ (డ్రైవర్‌కి ఆనే వెడల్పు అంచు) మందం, గాస్కెట్ (రెండిటి మధ్య వేసే పల్చటి అట్ట), వాషర్లు కలపండి. మీ ఫైబర్ ఫ్లాంజ్ 10 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, గాస్కెట్ 1, ఫ్లాట్ వాషర్, స్ప్రింగ్ వాషర్ చెరో 1.6, మొత్తం 14 దాటింది. ఇంచు బోల్టు పెడితే లోపలికి 11 చిల్లర పోతుంది. హోల్ లోతు 12 ఉంటే సరిపోయింది, 10 ఉంటే బోల్టు అడుగుకి తగిలి ఆగుతుంది. అప్పుడు చేతికి టైట్‌గానే ఉంటుంది, కానీ టైట్ అయింది బోల్టు, హారన్ కాదు. స్ప్రింగ్ వాషర్ వైపు చూడండి, దాని నోరు ఇంకా తెరుచుకునే ఉంటే బోల్టు పొడవైందన్నమాట. ఒక వాషర్ ఎక్కువ వేయండి, లేదా బోల్టు కోయించండి. మరీ పొట్టిది కూడా వద్దు, కనీసం 7, 8 మిల్లీమీటర్లు లోపల పట్టాలి.

సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతరకి సెట్ తీసుకుపోయినప్పుడు ఒక బాక్స్‌లో పాట పైకి వెళ్లేకొద్దీ జిర్రుమని మోత వచ్చింది. అందరూ డయాఫ్రం, అంటే డ్రైవర్ లోపల అదిరే పల్చటి పొర, పోయిందన్నారు. వెనక మూత తీసి డ్రైవర్‌ని చేత్తో పట్టి ఊపితే కదిలింది, నాలుగు బోల్టుల్లోనూ వాషర్లు నొక్కుకోలేదు. పొట్టి బోల్టులు వేసి గాస్కెట్ మార్చాక మోత పోయింది. ఫెర్రైట్ అయస్కాంతం ఉన్న పెద్ద డ్రైవర్ చాలా బరువుంటుంది, ట్రాలీలో గతుకుల రోడ్డు మీద ఆ బరువంతా ఆ నాలుగు బోల్టుల మీదే ఊగుతుంది. కాబట్టి డ్రైవర్ వెనక కింద ఒక చెక్క దిమ్మె ఆసరా పెట్టండి, మరకి నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి, ఎర్రది వద్దు, రేపు డ్రైవర్ ఊడదీయాలంటే రాదు. గాస్కెట్ దొరక్కపోతే ఆటోమొబైల్ షాపులో గాస్కెట్ పేపర్ కొని కోసుకోండి, మధ్యలో గొంతు హోల్ అంచు లోపలికి పొడుచుకు రాకుండా. బిగించేటప్పుడు ఒకదాని తర్వాత పక్కది కాదు, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా, ఫైబర్ కాబట్టి తల కింద వెడల్పు వాషర్ వేసి.

హోల్స్ దూరం కూడా కొలవండి. ఎదురెదురు హోల్స్ మధ్య నుంచి మధ్యకి 101.6 మిల్లీమీటర్లు, అంటే 4 ఇంచులు ఉంటే మామూలు నాలుగు బోల్టుల డ్రైవర్. 1.4 ఇంచుల డ్రైవర్లకి కూడా ఎక్కువగా అదే దూరం. బోల్టులు కుదిరాయి కదా అని వదిలేయకండి, హారన్ గొంతు డ్రైవర్ నోటితో సమానమో కాదో చూడండి, అక్కడ మెట్టు వస్తే పై శబ్దం పాడవుతుంది.

ఇంకోటి, ఇది ముఖ్యం: హారన్‌కి హోల్స్ వేసేటప్పుడు, లేత్ షాపులో మర తిప్పించేటప్పుడు డ్రైవర్ నోటికి టేప్ వేసేయండి. అయస్కాంతం ఇనుప రజనుని లాక్కుంటుంది, ఒక్క ముక్క కాయిల్ పక్కన ఇరుక్కుంటే దాన్ని బయటికి తీయడం చాలా కష్టం.

ట్రైపాడ్ స్క్రూ దిగిందో లేదో, హోల్ లోతు ఎంతో, ఫ్లాంజ్ మందం ఎంతో రాయండి, పొడవు లెక్క వేసి చెప్తాను. ఈలోపు మరలో 6 ఎంఎం బోల్టు ఏదైనా ఇరుక్కుని ఉంటే, లాగకండి, వెనక్కి మెల్లగా తిప్పండి.